మెట్టుగూడలో ఒక పెన్నీ

మార్జరీ మేడం ఇంట్ల నాది పగటి డ్యూటీ.
పొద్దుగాల ఎనిమిదికి తల దువ్వి,
గోలీలు మింగిపిచ్చి,
కిటికీకాడి కుర్చీల కూసోవెడ్త.
కిటికీ అవతల గోడ, గోడ అవతల పట్టాలు,
నడుమ నడుమ లాలాగూడ వర్క్‌షాపు సైరను.

మొదటి వారం, బట్టలు మడుసుకుంట ఎటో చూస్తున్న.
"పెన్నీ ఫర్ యువర్ థాట్స్, స్వరూపా" అన్నది.
పెన్నీ అంటే నాకు ఎరుకలేదు,
పైసల ముచ్చటని మాత్రం సమజయింది.
జీతంల కోత వెడ్తదేమోనని
"ఏం సోంచాయిస్తలేను మేడం" అని అబద్ధమాడిన.
సోంచాయిస్తున్న. బోనగిరి చిట్టి కిస్తు,
తమ్ముని బైకు చలాను,
కుట్టుడు కాడ యాడాదిగ ఉన్న నా జాకెటు.

అర్థం తెలిసిన రాత్రి నిద్ర పట్టలే.
నా లోపల ఏమున్నదని
పైస ఇచ్చి అడిగినోళ్లు ఇంతకుముందు ఎవరు?
మా ఇంట్ల అయితే
"ఏందే పరాకున్నవ్, పాలు పొంగుతున్నయ్" అంటరు.
అదీ అడుగుడే.
కానీ పాల గురించి.

తర్వాత ఒక్కొక్కటే తెలిసింది.
"పెరిష్ ద థాట్" అంటే ఎవ్వరూ చావరు.
మా అవ్వ "నీ నోట్ల మన్ను వడ" అంటదే, గదే,
కుచ్చిళ్లు చెదరకుండ.
"సెకండ్ థాట్" అంటే
చాయ్ అడిగి, నీళ్లు మసిలినంక, కాఫీ అనుడు.
మొదటిది తప్పు అనకుంటనే తప్పుకునుడు.
మా దిక్కు గసొంటోణ్ణి వెనకాముందాడేటోడు అంటరు,
చిట్టిల కూడ కలుపుకోరు.

డిసెంబర్ల నేను తెచ్చిన కేకు ఆటోల నలిగి పిండైంది.
చెంచాతోని తిన్నది.
"ఇట్స్ ద థాట్ దట్ కౌంట్స్" అన్నది.
అనుకున్నదే లెక్కకొస్తదట.
లెక్క అనంగనే నాకు కిరాణం బుక్కు యాదికొచ్చె.
అండ్ల ఎన్నడన్న రాసిండ్రా,
స్వరూప అనుకున్నది, ఇన్ని రూపాయలు జమ, అని?

ఒకనాడు మాట నడుమ ఆగింది.
పెదవులు కదులుతున్నయ్, గొంతు లేదు.
"ఐ లాస్ట్ మై ట్రెయిన్..."
మిగతాది రాలే.
నేను పరేషాన్. ఏ ట్రెయిన్? ఎప్పుడు? పెట్టె ఏది?
"ఫికర్ చెయ్యకుండ్రి, మధ్యాహ్నం కాగజ్‌నగర్ బండి ఉన్నది" అన్న.
దగ్గొచ్చేదాంక నవ్వింది.
ముప్పై ఏండ్లు సికింద్రాబాద్ స్టేషన్ల
మైకుల బండ్ల పేర్లు చదివిన గొంతు అది.

నవ్వినంక చేతులతోని చూపిచ్చింది:
ఆలోచనలు డబ్బాల లెక్క, ఒకదానెంక ఒకటి.
నడుమ కొక్కెం ఊడితే
ఇంజను తెల్వకనే పోతది,
ఎనకటి డబ్బాలు చీకట్ల నిలవడతయ్.
మేం గట్ల అనం.
ఆలోచనల పడ్డ అంటం, బాయిల పడ్డట్టు.
బాయిల పడ్డోళ్లకు తాడు ఇడువొచ్చు.
బండి పోయినోళ్లకు?
పక్కన కూసోవాలె, గంతే.

ఇప్పుడు కొక్కేలు శానా ఊడినయ్.
నా పేరు ఒకనాడు ఉంటది, ఒకనాడు ఉండది.
నిన్న పొద్దుగూకంగ ఆమె అరచేతుల
ఒక రూపాయి బిళ్ల వెట్టిన.
"పెన్నీ, మేడం" అన్న.
అటు తిప్పింది, ఇటు తిప్పింది,
ప్లాట్‌ఫారం నంబరు వెతికినట్టు.
ఏదో వచ్చింది కండ్లల్లకు. నోటికి వస్తుండె.
గప్పుడే రాత్రి డ్యూటీ రేణుక తలుపు కొట్టింది.

"హోల్డ్ దట్ థాట్" అన్నది మేడం,
బిళ్లను మల్ల నా చేతుల వెట్టి,
వేళ్లు ఒక్కొక్కటే తానే ముడిచింది.
పట్టుకొమ్మన్నదా, ఆగుమన్నదా,
రేపు అడుగుతనన్నదా,
ఇది మాత్రం నాకు ఎవ్వరూ చెప్పలే.

బస్సుల ఆడోళ్లకు టికెటు లేదు.
ఎవ్వరికీ ఇయ్యవడలే.
తార్నాక దాటింది, హబ్సిగూడ దాటింది,
ఉప్పల్ దాంక
పిడికిలి ఇప్పలే.